ఊదా గుండ్ల కవరు

మా బావమరిది చేసిన పనికి నా ఇంట్లో నేనే దోషినయ్యాను. వాణ్ణి మేమంతా భూతద్దం అంటాం. ల్యాబులో స్లైడ్లు కడిగే ఉద్యోగం. మైక్రోస్కోపులో కనబడేవాటిని ఫోటో తీయడం నేర్చుకున్నాడు గానీ, అవేమిటో చదవడం నేర్చుకోలేదు. నేనూ ఏడో తరగతితో ఆపేసినవాణ్ణే, వాడికన్నీ తెలుసనుకుని నమ్మాను.

నాది ఫోన్ కవర్ల మీద బొమ్మలు ప్రింటు చేసే కొట్టు. ఉప్పు పలుకులు, పుప్పొడి, ఈగ కన్ను, వాడు తెచ్చినవన్నీ బాగానే అమ్ముడుపోయాయి. ఒక ఆదివారం భోజనాలయ్యాక సూది పట్టుకొచ్చి, "మన రక్తం కూడా వేద్దాం బావా, ఖర్చులేని సరుకు" అన్నాడు. నవ్వుకుంటూ నలుగురం వేళ్లు చాపాం: నేను, మా ఆవిడ, అమ్మాయి, వాడు. తీసిన ఫోటోల్లో అందంగా ఉందని ఒక్కటే ఎంచాడు. గులాబీ చుక్కల మధ్య కిక్కిరిసిన పెద్ద పెద్ద ఊదా గుండ్లు.

పది రోజులకు, ఫోన్‌కి పగిలిన గ్లాసు మార్పించుకోవడానికి వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ ఆ బొమ్మ వేసిన కవరు చేతిలోకి తీసుకుంది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఇదెవరి రక్తం?"

"మా ఇంట్లోదేనండి."

"ఇంట్లో ఎవరిది? ఈ ఊదావి తెల్ల రక్తకణాలు, ఇన్ని ఉండకూడదు. బ్లడ్ క్యాన్సర్ కావచ్చు. ఇవాళే పరీక్ష చేయించండి."

వెంటనే భూతద్దానికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఆ ఊదా బొమ్మ ఎవరిదిరా?"

"పేర్లు రాయలేదు బావా. స్లైడ్లు కూడా కడిగేశాను. ఏం, గిరాకీ ఎక్కువైందా?"

"నోర్మూసుకుని అక్కడే ఉండు. అందర్నీ తీసుకొస్తున్నా."

నలుగురం రక్తమిచ్చి ల్యాబు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. "నాన్నా, చెయ్యి వదులు, నొప్పెడుతోంది" అనేదాకా అమ్మాయి మణికట్టు నలిపేస్తున్నానని తెలియలేదు. పిల్ల ఈమధ్య తిండి తగ్గించింది. మా ఆవిడకు మెట్లెక్కితే ఆయాసం. పళ్లు తోముకుంటే నాకు నెత్తురు. అన్నీ అప్పుడే గుర్తొచ్చాయి.

"అది నాదైతే బాగుండునండీ" అంది మా ఆవిడ. నేనూ ఆ మాటే అనాలి. నోరు రాలేదు.

కాగితాలు ఒక్కొక్కటే వచ్చాయి. అమ్మాయిది మామూలే. మా ఆవిడదీ మామూలే. నాదీ. గుండెల నిండా ఊపిరి పీల్చి, పెద్దగా నవ్వేశాను.

బెంచీ చివర వాడు మెల్లగా అన్నాడు: "ఇంక నేనే కదా బావా మిగిలింది."

మా ఆవిడ తమ్ముడి తల ఒళ్లోకి లాక్కుంది. ఆనాటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడదు. అమ్మమని ఎవరూ అడగకముందే, వాడి మందుల కోసం ప్రింటింగ్ మెషీను అమ్మేశాను. కొన్నది మూడు లక్షల నలభై వేలకు. వచ్చింది లక్షా పన్నెండు వేలు. పోయింది రెండు లక్షల ఇరవై ఎనిమిది వేలు.