మొదటి ఆటకు ఒక ఊరు

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి ఆడే ఆటలో కొత్తవాళ్లకు ఏ మాయాలోకం ఇవ్వాలని మా అక్క పనిచేసే ఆటల కంపెనీలో పెద్ద చర్చ జరిగింది. యజమాని ఏడు రాజ్యాల చరిత్రను నలభై పేజీలు రాయించాడు. అక్క ఒకే పేజీలో ఓ చిన్న ఊరు, పక్కన అడవి, అందులో డ్రాగన్ నిద్రపోయే పాత కోట రాసింది.

ఆడించి చూడటానికి, ఇలాంటి ఆటలు ఎప్పుడూ ఆడని, దర్జీ పని చేసే మా మేనత్తను పిలిచారు. ఆమె యజమాని రాయించిన కట్టను తిరగేసి, "ఇది చదివేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది" అంది. అక్క రాసిన పేజీ చదవగానే, "అది నిద్రలేస్తే మన ఊరు బూడిదే! పదండి, నేను ముందు నడుస్తా" అంటూ పాచికలు అందుకుంది.

"మన ఊరు అనేసిందిగా, ఇక ఇదే ఖాయం" అన్నాడు యజమాని.

ఇప్పుడు దుకాణంలో ఆ ఆట పెట్టె కనిపిస్తే చాలు, అడగనివాళ్లకు కూడా చెబుతాను, అది మా అక్క కట్టిన ఊరని.