కిటికీ కింది మూడు బోర్డులు

రాజనర్సు పళ్లు పోయింది మంగళవారం. ఆ సంగతి మధ్యాహ్నం, అన్నం డబ్బా ముందు కూర్చున్నాక గాని బయటపడలేదు.

గల్ఫ్‌లో, జల్లాఖ్ అనే ఊళ్లో ఒక ఇంటి బయటి గోడలకు ఫైబర్ సిమెంట్ బోర్డులు బిగించే పని. బోర్డు కోస్తే లేచే దుమ్ము కట్టుడు పళ్ల కింద చేరి చిగుళ్లను గీరుతుంది. అందుకని కోత ఉన్నప్పుడు రాజనర్సు పళ్లు తీసి దస్తీలో చుట్టి పెట్టేవాడు. ఆ రోజు కిటికీ కింద, బోర్డుల స్క్రూలు దిగడానికి గోడకు కొట్టిన అడ్డకట్టె మీద పెట్టాడు. అతను కోత ముగించి, మొహం కడుక్కుని వచ్చేసరికి, కూడా పనిచేసే కిషన్ అక్కడ మూడు బోర్డులు బిగించేశాడు.

"గీడ నా దస్తీ ఉండె గదరా!"

"నేను సూడలే మామా. నేను కట్టెనే సరిగ సూడలే."

"గదే గదా నీ రోగం. పదేండ్ల సంది ఒక్క స్క్రూ కట్టెకు కొట్టినవా?"

పళ్లు లేని నోట్లోంచి ఆ తిట్టు గాలిలా వచ్చింది. కిషన్ నవ్వు ఆపుకోలేక కూర మీద తుమ్మాడు.

ఫోర్‌మన్ షఫీఖ్ వచ్చాడు. నిజామాబాద్ మనిషి. విషయం విని గోడకు చెవి ఆనించాడు.

"నర్సన్నా, లోపల ఎవరో నములుతున్నరు."

"పరాచికాలొద్దు షఫీఖ్ భాయ్. బోర్డులు తీయనియ్యి."

షఫీఖ్ మొహంలో నవ్వు పోయింది. ప్రతి బోర్డూ తన కిందిదాని స్క్రూలను కప్పుతుంది. అడుగుది తీయాలంటే పై రెండూ ముందు తీయాలి. తీసేటప్పుడు విరుగుతాయి. స్టోర్‌లో మిగిలింది ఒక్కటి.

"కొత్త సెట్టు చేయించుకో భాయ్. పండ్ల కోసం గోడ ఇప్పుతరా ఎవరన్న?"

రాజనర్సు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. కిషనే అన్నాడు.

"అది చిన్నవ్వ అత్త చేయించింది, భాయ్."

కిందటి సెలవులో రాజనర్సు భార్య చిన్నవ్వ అతన్ని జగిత్యాల తీసుకెళ్లి ఆ పళ్లు కట్టించింది. డాక్టరు మెట్ల మీదే సర్వపిండి ముక్క చేతిలో పెట్టి కొరకమంది. కొరికితే ఊరంతా వినేలా నవ్వింది. "మల్ల గివి పెట్టుకొనే రావాలె. బోసి నోటితోని వస్తే తలుపు తియ్య" అంది. ఆ తర్వాత ఆషాఢంలో పోయింది. దహనం అతను క్యాంపులో ఫోన్‌లో చూశాడు. ఇప్పుడు సంవత్సరీకానికి, శనివారం విమానం.

అదంతా విన్న షఫీఖ్ బోర్డుల వైపు చెయ్యి ఊపాడు.

"యల్లా, కానియ్యుండ్రి, ఇప్పుండ్రి. మాలిక్ అడిగితే గోడకు పంటి నొప్పి అని చెప్త."

మొదటి బోర్డు బాగానే వచ్చింది. రెండోది మధ్యకు విరిగింది. మూడోది కూడా విరిగి, దాని స్క్రూ ఒకటి గోడలోనే నిలిచిపోయింది. దస్తీ కట్టె మీదే ఉంది. కిషన్ స్క్రూ మామూలుగానే కట్టెకు తగలకుండా, దాని మీదుగా వెళ్లి, కట్టుడు సెట్టు ఎర్ర చిగురులోంచి దూరి పళ్లను గోడకు పట్టి ఉంచింది.

"సూశినవా మామా," అన్నాడు కిషన్, "కట్టెకు కొట్టలేదు గనుకనే నీ పండ్లు కింద పడలే."

రాజనర్సు స్క్రూ విప్పి, పళ్లు కడిగి పెట్టుకున్నాడు. ముందు చిగురులో రంధ్రం. మాట్లాడబోతే ఈల వచ్చింది.

"బాడ్కావ్!" అని కిషన్‌ను తిట్టాడు. అదీ ఈలగానే వచ్చింది. షఫీఖ్ బకెట్ మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. రాజనర్సు కూడా నవ్వాడు. ఏడాదిలో అతను అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కొంచెం ఎక్కువసేపే సాగింది. ఆపైన దస్తీ మొహానికి అడ్డం పెట్టుకుని, దుమ్ము అన్నాడు.

ఊడదీసిన మంచి బోర్డునూ స్టోర్‌లో దాన్నీ సాయంత్రానికి మళ్లీ బిగించారు. ఈసారి ప్రతి స్క్రూకూ రాజనర్సు కట్టె మీద గీత గీసి చూపించాడు. శనివారం ఆ పళ్లతోనే విమానం ఎక్కాడు.

కిటికీ కింద మూడో బోర్డు ఇంకా బిగించలేదు.