ఒపొండో ముఖం కోసం అపాయింట్‌మెంట్

నైరోబీ కెన్యాట్టా మార్కెట్లో అకెయో పొద్దున్నుంచి ఇద్దరికి జడలల్లింది. మూడో తల చేతిలో ఉండగానే ఊరి నుంచి బావగారు ఫోన్ చేశాడు. ఆయన తమ్ముడు ఒపొండో, అంటే ఆమె భర్త, మొంబాసాలో పని దొరికిందని బస్సెక్కి ఆరేళ్ళయింది. మనిషి లేడు, కబురు లేదు. శనివారం అతని శవానికి బదులు, సొరకాయంత ఉండే యాగో చెట్టు కాయను పూడ్చి కర్మ కానిచ్చేస్తానన్నాడు బావగారు. శవం దొరకని మనిషికి లువో తెగవాళ్ళు చేసేది అదే. ఆ తర్వాత అతను నిజంగా తిరిగొచ్చినా గడప తొక్కనివ్వరు.

"బతికున్నాడో లేదో తేలందే ఒప్పుకుంటావా ఏంటి?" అని కసిరింది పక్క కుర్చీలో జడలల్లే నెరీమా. "పోయి పచ్చబొట్టు పొడిపించుకో."

నగరంలో పచ్చబొట్లు పొడిచేవాళ్ళకేం కొదవ? వెస్ట్‌లాండ్స్‌లో అద్దాల గది కుర్రాడు ఫోటో తెమ్మన్నాడు. న్గారాలో ఇంకొకడు సింహాలు తప్ప మనుషుల్ని వేయనన్నాడు, ఏదో సింహాలు వాడి చుట్టాలైనట్టు. మ్వెండే అనే ఆవిడకి మాత్రం ఫోటో అక్కర్లేదు. చెయ్యి చాపి తలుచుకుంటే చాలు, ఆ మనిషి ఈ పూట ఎలా ఉన్నాడో ఆమె సూది అలాగే దించుతుంది. చనిపోయినవాళ్ళయితే కళ్ళు మూసుకుని వస్తారు. అందుకే ఆమె దగ్గర తేదీ దొరకడం గగనం.

"ఐదు వారాల దాకా ఖాళీ లేదక్కా," అంది మ్వెండే ఫోన్‌లో.

"శనివారమే పూడుస్తారమ్మా!"

"అయితే గురువారం వచ్చి మెట్ల మీద కూర్చో. కడుపునిండా తిని రా. రోజూ ఎవరో ఒకరు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు."

గురువారం మెట్ల మీద ఆమె ముందు ఒక పెద్దావిడ కూర్చుంది. కొడుకు కోసమట, రావడం మూడోసారట. లోపలి నుంచి పేరు పిలవగానే ఆవిడ లేచి, ఒంటికి చుట్టుకున్న కాంగా గుడ్డ సర్దుకుని, "నువ్వెళ్ళమ్మా," అని గబగబా మెట్లు దిగిపోయింది.

సూది దిగుతుంటే అకెయో గోడ వైపు చూసింది. కళ్ళు తెరిచి రావాలని మొక్కుకుంది. మూసుకుని వస్తే ఈ ఎదురుచూపులైనా తీరతాయని మనసు ఓ మూల పీకితే తనను తానే తిట్టుకుంది.

మ్వెండే నెత్తురు తుడిచి, దీపం దగ్గరికి జరిపింది.

"చూసుకో అక్కా."

ఒపొండో కళ్ళు తెరిచే ఉన్నాయి. బుగ్గలు నిండాయి, గడ్డం నున్నగా గీసి ఉంది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. అతని మెడ చుట్టూ వెనక నుంచి ఒక పసిబిడ్డ చెయ్యి.

"పువ్వులు వేసి కప్పేయనా?" అంది మ్వెండే మెల్లగా.

"వద్దు."

ఎక్కడున్నా బతికుంటే చాలని ఆరేళ్ళు మొక్కింది. మొక్కు తీరింది. ఒక్క ఫోన్ చేయడానికి అతనికి చేతులు రాలేదని తెలిశాక, ఏడుపు కూడా రాలేదు ఆమెకు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, మెట్ల మీదే నిలబడి ఊరికి ఫోన్ కలిపింది.

"ఏమ్మా, ఏం తేలింది?" అన్నాడు బావగారు.

"పూడ్చేయండి బావగారూ. నేనూ వస్తున్నా." మెట్లు దిగుతూ అంది: "కాయ మాత్రం పెద్దది చూసి కోయండి. ఆయన ఒళ్ళు చేశాడు."