ఆయిల్ ఇక్కడ

మా ఆవిడ నోటుబుక్కులో ఇరవై మూడో పేజీ ఆ కారు బొమ్మ. సీటు వెనక, చాసిస్ చట్రం గొట్టాల మధ్య, పైన వెడల్పుగా ఉండి కిందికి వచ్చేకొద్దీ సన్నబడే ఖాళీ ఒకటి వదిలింది. అందులో పెన్సిలుతో "ఆయిల్ ఇక్కడ" అని రాసింది. కొలతలు లేవు. కొలతలు వేసేలోపే ఆసుపత్రిలో చేరింది. తిరిగి రాలేదు.

మామూలు కార్లకు ఆయిల్ ఇంజిన్ కిందే ఒక తొట్టిలో ఉంటుంది. తొట్టి అడ్డం కాబట్టి ఇంజిన్‌ని నేలకు మరీ దగ్గరగా దించడం కుదరదు. ఆ తొట్టి తీసేసి పల్చటి పళ్లెం బిగించి, ఆయిల్‌ని పంపుతో లాగి వేరే ట్యాంకులో ఉంచితే ఇంజిన్ బెత్తెడు కిందికి దిగుతుంది. దీన్ని డ్రై సంప్ అంటారు. మా ఆవిడ కారు మొత్తం ఆ బెత్తెడు కోసమే గీసుకుంది. మలుపుల్లో నేలకు కరుచుకుని పోవాలని ఆవిడ ఆశ. ఆవిడా వాళ్ల తమ్ముడూ కలిసి ఇంజిన్ దించారు, పంపు బిగించారు. ట్యాంకు ఒక్కటే మిగిలిపోయింది.

రెండేళ్లు ఆగి మా బావమరిది కోత మిషన్ పట్టుకుని మా ఇంటి వెనక షెడ్డుకొచ్చాడు.

"బజార్లో దొరికే ట్యాంకులన్నీ గుండ్రంగా ఉంటాయి బావా. అక్క వదిలిన సందులో ఏదీ పట్టదు. ఈ రెండు గొట్టాలు కోసి ఇంజిన్ పైకి లేపుదాం. మామూలు తొట్టే పెడదాం. బండి కనీసం రోడ్డెక్కుతుంది."

"కొయ్యనివ్వను."

"మరి ఇలాగే దుమ్ము కొట్టుకుపోనా? ఈ షెడ్డుకి పనికొచ్చిన ప్రతిసారీ దీని మొహం చూడాల్సింది నేను, నువ్వు కాదు."

అతని బాధ నాకు తెలుసు. అక్క పోయిన ఏడాదంతా షెడ్డు ఆ మూల దీపం వేయలేదు అతను. అయినా గొట్టాలకు అడ్డంగానే నిలబడ్డాను.

"ట్యాంకు నేను చేస్తాను," అన్నాను.

"నువ్వా? ముప్పై నాలుగేళ్లు కాలేజీలో సుద్దముక్క తప్ప ఏం పట్టావు బావా? లెక్కల మాస్టారు రేకు పని చేస్తాడట. నవ్విపోతారు."

"నవ్వనీ."

అతను మిషన్ కింద పెట్టాడు. "సరే. వచ్చే నెల మొదటి ఆదివారం ట్రాక్ దగ్గర రేసుల క్లబ్బు వాళ్ల తనిఖీ ఉంది. పాసైతే నేను నోరెత్తను. చుక్క కారిందా, సోమవారం పొద్దున్నే కోస్తాను. అప్పుడు మాత్రం అడ్డం రాకూడదు."

"రాను," అని మాటిచ్చాను.

ముందు అట్టతో చేశాను. చెప్పుల డబ్బాలు చించి, గమ్ టేపు అంటించి, ఆ సందులో దూర్చి చూసి, మళ్లీ చించి. ఏడో అట్ట సరిగ్గా కూర్చుంది. దాన్ని అల్యూమినియం రేకు మీద పరిచి గీశాను. లోపల అడ్డురేకులు రెండు పెట్టి వాటికి చిల్లులు వేశాను, మలుపులో ఆయిల్ అంతా ఒక పక్కకు పోకుండా. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టం పైన గోడవారగా లోపలికి దిగేలా పెట్టాను. నేరుగా పడితే నురగ వస్తుంది, వారగా దిగితే ఆయిల్ గిర్రున తిరిగి గాలి విడిపోతుంది. గాలి పోవడానికి పైనుంచి ఇంకో సన్న గొట్టం, దాని చివర లీటరు సీసా.

అతుకులు వేసిన మనిషిని అందరూ క్యాన్ల పెద్దమ్మ అంటారు. డెయిరీకి పాల క్యాన్లు బాగుచేస్తుంది. ట్యాంకు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఏ గేదెకయ్యా, ఇంత వంకరగా ఉంది?"

"కారుకి పెద్దమ్మా. చుక్క కారినా నా పని అయిపోతుంది."

"నా చేతి క్యాను కారిందని ఈ ఊళ్లో ఎవడితోనైనా అనిపించు చూద్దాం," అంది. సాయంత్రానికి అతుకులన్నీ నీటుగా, చేప పొలుసుల్లా పడ్డాయి. గొట్టాల నోళ్లకు రబ్బరు బిరడాలు కొట్టి, సైకిలు పంపుతో గాలి నింపి, సబ్బునీళ్లు రాశాం. ఒక్క బుడగ లేవలేదు. రేకు అంచుకు నా బొటనవేలు కోసుకుందని గమనించి, అడక్కుండానే గుడ్డపీలిక కట్టి పంపింది.

ట్యాంకు మా ఆవిడ వదిలిన చోట గీతకు గీత సరిపోయింది. ఆరు లీటర్లు పోసి ఇంజిన్ తిప్పాం. ప్రెజర్ ముల్లు వణకలేదు. ఇంజిన్ తిరుగుతుండగానే కొలపుల్ల ముంచి, ఆయిల్ ఎక్కడిదాకా ఉందో అక్కడ గాటు పెట్టాను. మా అమ్మాయి బల్లమీద కూర్చుని చప్పట్లు కొట్టింది. తను సిటీ బస్సు నడుపుతుంది, ఇంజిన్ మోత వింటే చాలు బాగోగులు చెప్పేస్తుంది. బావమరిది "ఆదివారం చూద్దాంలే," అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున పుల్ల ముంచితే గాటు కంటే వేలెడు తక్కువ ఉంది.

మా ఇంట్లో ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. ఆయిల్ చూడాల్సింది పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, టీ తాగకముందు. మా అందరికీ అదే అలవాటు. కింద పడుకుని టార్చి వేసి వెతికాను. ఎక్కడా తడి లేదు. అమ్మాయికి చెబితే కంగారు పడుతుందని ఊరుకుని, పావు లీటరు పోశాను. తర్వాతి రోజుల్లోనూ అంతే. ఒక్కోరోజు గాటుకు దగ్గరగా ఉండేది, ఒక్కోరోజు కాస్త తక్కువ. తగ్గిన రోజు పోసేవాణ్ని. ఎవరితోనూ అనలేదు.

ఆదివారం కారుని ట్రాలీ మీద ట్రాక్‌కు తీసుకెళ్లాం. తనిఖీకి వచ్చినాయన మంచి మనిషే. తెల్లచొక్కా, మెడలో కళ్లద్దాల తాడు. ట్యాంకు చూసి, "ఎక్కడ కొన్నారు?" అన్నాడు.

"ఇంట్లో చేశాం."

"ఊఁ," అని ఇంజిన్ తిప్పమన్నాడు.

అమ్మాయి తిప్పింది. ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత గాలి గొట్టం గుడగుడమంది. లీటరు సీసా చూస్తుండగానే నిండి పొంగింది. ఆయిల్ గచ్చు మీద పారి ఆయన బూటు దాకా వెళ్లింది.

బావమరిది నావైపు చూడలేదు. నేలవైపు చూశాడు. "రేపు పొద్దున ఎనిమిదింటికి వస్తాను బావా," అన్నాడు మెల్లగా.

"ఇంటి ట్యాంకులతో ఇదే గొడవ సార్," అన్నాడు తనిఖీ ఆయన బూటు తుడుచుకుంటూ. "బండి పక్కకు తీసేయండి. వచ్చే సీజన్లో చూద్దాం."

"తీయను," అన్నాను.

"అంటే?"

"ఐదింటి దాకా తనిఖీ అని గేటు మీద మీరే రాశారు. ఐదయ్యేదాకా నేనూ కదలను, బండీ కదలదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ట్యాంకు అతుకుల వెంట వేలు రాసి చూపించాను. పొడిగా ఉన్నాయి. వచ్చిందంతా పైన గాలి గొట్టంలోంచే. అంటే ట్యాంకు కారడం లేదు, పట్టనంత ఆయిల్ లోపల ఉంది. అంత ఎక్కడిదా అని నేను ఆలోచిస్తుంటే అమ్మాయి గొంతు సవరించుకుంది.

"నాన్నా, నేను కొంచెం పోశాను."

"ఎప్పుడు?"

"డ్యూటీకి వెళ్లే ముందు. నాలుగింటికి. నువ్వింకా లేచేవాడివి కాదు. గాటు కంటే తక్కువ ఉందని... ఏదో లీకుందని తెలిస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు."

"ఎంత పోశావు?"

"తగ్గినప్పుడల్లా పావు లీటరు. నువ్వూ పోశావా?"

నేను తలూపాను. తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయితే తగ్గిందెందుకు?" అన్నాడు బావమరిది. "కారకుండా తగ్గేదెలా?"

అప్పటికి నాకు విషయం అర్థమైంది. బండి ఆగి ఉన్నప్పుడు ట్యాంకులో ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లమెల్లగా ఇంజిన్ అడుగుకు దిగిపోతుంది. ఇంజిన్ తిప్పగానే పంపు అదంతా తిరిగి ట్యాంకుకు ఎత్తిపోస్తుంది. మేము పోసినదాంతో సహా. ఈ బండికి ఆయిల్ వేడిగా, ఇంజిన్ తిరుగుతుండగా చూడాలి.

"మీ అక్క నియమం తొట్టి ఉన్న బండికి," అన్నాను. "ఇది తనదే అయినా తొట్టి లేనిది. మనం ముగ్గురం పాత బండికి చూసినట్టు చూశాం."

అతను చొక్కా చేతులు మడిచి, "గొట్టం ముక్క ఉందా ఎవరి దగ్గరైనా?" అని అడిగాడు. నోటితో లాగి ట్యాంకులోంచి ఆయిల్ బకెట్లోకి తీశాడు. మొదటిసారి గుటక పడింది. ఉమ్మేసి, "మీ తండ్రీకూతుళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే నాకీ కర్మ పట్టేది కాదు," అన్నాడు. తనిఖీ ఆయన తన నీళ్ల సీసా తెచ్చి అతనికిచ్చాడు. ఎవరూ ఇవ్వమనలేదు.

నాలుగున్నరకు మళ్లీ తిప్పాం. గచ్చంతా తుడిచి, కారు కింద తెల్ల కాగితాలు పరిచారు. ఇంజిన్ వేడెక్కాక, తిరుగుతుండగానే పుల్ల ముంచాను. గాటుకు సరిగ్గా ఉంది. అమ్మాయి పది నిమిషాలు గట్టిగా యాక్సిలేటర్ తొక్కింది. సీసాలో చుక్క పడలేదు. కాగితాలు లాగి చూస్తే తెల్లగా ఉన్నాయి.

తనిఖీ ఆయన చివరగా ఒక చెక్కముక్క కారు కిందికి తోశాడు. నేలకూ ఇంజిన్‌కూ మధ్య అంత ఖాళీ ఉండాలని రూలు. చెక్క రాసుకుంటూ దూరింది. కాగితం మీద సంతకం పెట్టాక కూడా ఆయనకు మనసొప్పలేదు.

"పాసే, కానీ మరీ కిందికుంది సార్. కొంచెం పైకి లేపుకుంటే మీకే మంచిది."

నేను నోరు తెరిచేలోపే మా బావమరిది, మూతికంటిన ఆయిల్ తుడుచుకుంటూ అన్నాడు.

"లేపం."