లోపలి గడియ

తమ్ముడి వైపు మాట్లాడే మనిషిగా వెళ్ళాను నేను. వాడి తరఫున నలుగురితో దెబ్బలాడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ గదిలో మాత్రం గుద్ది మాట్లాడటానికి బల్లయినా లేదు. కోర్టు మేడమీద గుండ్రంగా వేసిన కుర్చీల్లో కౌన్సెలింగ్ చేసే మేడమ్, మరదలు, ఆమె పక్కన పదకొండేళ్ళ మేనకోడలు, ఎదురుగా మేమిద్దరం.

“ఇక్కడ గెలుపోటములు లేవు. ఎవరికేం దెబ్బ తగిలింది, దాన్నెలా బాగుచేసుకోవాలి, అంతే,” అంది మేడమ్.

ఇక్కడ కుదిరితే తమ్ముడు కూతుర్ని కలవచ్చు. కుదరకపోతే ఫైలు మళ్ళీ జడ్జిగారి దగ్గరికి వెళ్తుంది. అప్పుడేమవుతుందో మా లాయరు మొహమే చెప్పింది. పిల్లని చూడక ఆర్నెల్లు. వాడు అన్నం ముందు కూర్చుని, కలిపి, తినకుండానే లేచిపోతున్నాడు. వీడు నాకు దక్కుతాడా అని భయంగా ఉంది.

అక్కడొక పద్ధతి ఉంది. అవతలివాళ్ళు అన్నది ముందు మనం తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని వాళ్ళు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే మన మాట. మా పుట్టింట్లో ఈ పద్ధతి పెట్టుంటే ఈపాటికి అందరం మూగవాళ్ళమయ్యేవాళ్ళం.

మరదలు నేల చూపులు చూస్తూ చెప్పింది. “ఆ రోజు తాగొచ్చి గొడవపడ్డారు. పిల్లని తీసుకుని గదిలోకెళ్ళి గడియ పెట్టుకున్నాను. తలుపు బద్దలు కొట్టుకుని లోపలికొచ్చారు. పిల్ల మంచం కింద దూరింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు.”

“తాగొచ్చాను. గొడవపడ్డాను,” అన్నాడు తమ్ముడు. “వీళ్ళు గడియ పెట్టుకున్నారు. తలుపు ఊడింది.”

“కాదు,” అంది మరదలు.

“తోశాను. మడతబందులు వదులుగా ఉన్నాయేమో, ఊడొచ్చింది.”

“కాదు.”

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాపం బందుల మీదకి నెట్టాడు. వాడు వడ్రంగి. ఆ తలుపు చేసిందీ వాడే, బిగించిందీ వాడే.

మరదలు బ్యాగు భుజానికి తగిలించుకుంది. “నేను జడ్జిగారికే చెప్పుకుంటాను మేడమ్.”

తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. “అక్కా, నువ్వైనా చెప్పు. ఆ తలుపు సంగతి నీకు తెలుసుగా.”

తెలుసు. బిగించిన రోజు నేనక్కడే ఉన్నాను. తలుపు అంచు పట్టుకుని కోతిలా వేలాడి మరీ చూపించాడు. ‘పిడుగు పడ్డా కదలదక్కా’ అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకున్నాను.

“మావాడి పనికి వంక పెడితే నేనూరుకోను మేడమ్,” అన్నాను. “వాడే పెట్టుకున్నా సరే. వాడు బిగించిన బందు ఊడదు. మా ఇంట్లో వాడు పెట్టిన తలుపులు ఈ రోజుకీ కిర్రుమనవు. ఆ తలుపు ఊడిందంటే, లోపలున్నవాళ్ళని చంపడానికొచ్చినట్టు తన్ని ఉండాలి.”

వాడు నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మర్చిపోను. నాకూ ఏడుపొచ్చింది.

“తన్నాను,” అన్నాడు చివరికి. “ఊడేదాకా తన్నాను. లోపల పిల్ల అరుస్తోంది. వినబడుతూనే ఉంది. అయినా తన్నాను.”

మరదలు “అవును,” అంది. బ్యాగు తీసి కింద పెట్టింది.

హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. తొందరపడ్డాను.

“నీకేం కావాలమ్మా?” అని మేడమ్ పిల్లని అడిగింది.

“గదికి తలుపు కావాలి,” అంది అది, గౌను అంచు మడుస్తూ. “ఇప్పుడు దుప్పటి కట్టుకున్నాం. గడియ లోపలుండాలి. నాన్న చెయ్యకూడదు. నాన్న తన్నినా ఊడకూడదు. కలిసే సంగతి తర్వాత చెప్తాను.”

ఇప్పుడు వాడు అదంతా తిరిగి చెప్పాలి. ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు పెట్టినవాడు. ఈసారి నేను చెయ్యగలిగిందేమీ లేదు.

“నీ గదికి తలుపు కావాలి. గడియ లోపలుండాలి. నేను చెయ్యకూడదు.” ఆగాడు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. “నేను తన్నినా ఊడకూడదు. కలిసే సంగతి నువ్వే చెప్తావు.”

పిల్ల మొదటిసారి తలెత్తి వాడి మొహంలోకి చూసింది.

“అవును నాన్నా,” అంది. “నేనన్నది అదే.”