ఉమ్మేసిన గుక్క

పొద్దున పదిన్నరకల్లా వదిన స్టవ్ ఆపేసి, కత్తులన్నీ పై అరలో పెట్టేసేది. హాల్లో నేలమీద పరుపు పరిచి, పక్కన బకెట్టు, తడిగుడ్డ, చెంబెడు మంచినీళ్ళు సర్దేది. ఈలోగా మరిది వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, పరుపు మీద బుద్ధిగా కూచునేవాడు.

"ఇవాళ ఎన్నట వదినా?"

"ఆరేనట. కొత్త సీసాలు."

"ఆరైతే సాయంత్రానికి లేచి కూచుంటాలే."

సరిగ్గా పదకొండుకి, ఊరి అవతలి కొసన పత్రికాఫీసులో, వదిన భర్త మొదటి గ్లాసు ఎత్తేవాడు. ఆయన్ని అందరూ రుచుల మాస్టారనేవాళ్ళు. సింగిల్ మాల్ట్ విస్కీలు రుచి చూసి, నూటికి ఇన్నని మార్కులేసి పత్రికలో రాయడం ఆయన ఉద్యోగం. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒక గుక్క పుచ్చుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేసేవాడు. ముప్పై ఏళ్ళలో ఆయన కాలు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ తడబాటంతా తమ్ముడికి వచ్చేది.

అదేం దాపరికం కాదు. వీధిలో వాళ్ళకీ తెలుసు, డాక్టరుకీ తెలుసు. మొదట్లో వాళ్ళమ్మకి ఎక్కేది. ఆవిడ పోయిన మర్నాటి నుంచి తమ్ముడికి ఎక్కసాగింది. మాస్టారు ఎవర్ని తన ప్రాణంలా చూసుకుంటే వాళ్ళకే ఎక్కుతుంది, అంతే. పెళ్ళైన కొత్తలో చుట్టాలు వదినని ఆటపట్టించారు, ఇక నీ వంతేనమ్మా అని. ఆవిడ కూడా ఎక్కడ తూలతానోనని వారం రోజులు గోడలు పట్టుకుని నడిచింది. ఏమీ కాలేదు. పాతికేళ్ళు గడిచినా ఏమీ కాలేదు. పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కారు.

తమ్ముడు గడియారాలు బాగుచేసేవాడు. చుక్క ముట్టి ఎరగడు. చేతులు వణకడం మొదలయ్యాక సన్నటి మరలు పట్టు దొరక్క జారిపోయేవి. ఒకరోజు కొట్టు మూసేసి వచ్చాడు. పెళ్ళి మాటెత్తితే, "మధ్యాహ్నానికల్లా తూలేవాడికి పిల్లనెవరిస్తారు వదినా?" అని నవ్వేసేవాడు. సాయంత్రాలు మాస్టారు చెబుతుంటే వదిన టైపు చేసేది. ఎండిన ద్రాక్ష, తడి కలప, పొగ, చివర్లో కాస్త తేనె. తమ్ముడు గోడకి జారగిలబడి వినేవాడు.

"రుచంతా అన్నయ్యకి, తూలడం నాకూనూ. ఆ తేనె ఒక్కసారి నాకూ తగిలితే బాగుండు," అనేవాడు.

వానలు వెనకపట్టిన రోజుల్లో అతని కళ్ళు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది. డాక్టరు కాగితాలు చూసి, మరిదిని బయట కూచోమని వదినతో మాట్లాడాడు.

"లివర్ అయిపోయిందమ్మా. ఇంకెవరైనా అయితే తాగడం మానమని చెప్పేవాణ్ణి. మీవారికి చెప్పండి."

ఆ సాయంత్రం చెప్పింది. మాస్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని వత్తాడు, తన చేత్తో అన్నం తినిపించాడు. తినిపిస్తూనే అన్నాడు, "వచ్చే వారం విస్కీల పోటీ ఉంది. అది ఒక్కటీ కానీ."

"మానెయ్యండి," అంది వదిన.

"ఉమ్మేస్తూనే ఉన్నా కదే! ఇంకేం చెయ్యమంటావు? నలభై ఏళ్ళ నాటి పీపా తెరుస్తున్నారు. అలాంటిది నా జన్మలో మళ్ళీ రాదు."

"తమ్ముడు మాత్రం మళ్ళీ వస్తాడా?"

మాస్టారు ఇంకో ముద్ద కలపసాగాడు. తమ్ముడే కల్పించుకున్నాడు. "వెళ్ళనీ వదినా. తల తిరిగినప్పుడల్లా అన్నయ్య నన్ను తలుచుకున్నట్టే ఉంటుంది నాకు. ఎంతమందికి ఉంటుంది ఆ భాగ్యం?" అనేసి, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. వదిన కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పోటీ రోజు మూడో గ్లాసుకే అతనికి రక్తం వాంతి అయింది. వదిన ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మాస్టారు రుచి చూస్తున్నారండీ. ఇప్పుడు పిలవకూడదు," అంది అవతలి అమ్మాయి.

"వాళ్ళ తమ్ముడు పోయేలా ఉన్నాడని చెప్పమ్మా."

ఆ అమ్మాయి వెళ్ళి వచ్చింది. "ఇంకొక్కటే ఉందటండీ. ముగించుకుని వచ్చేస్తానన్నారు."

వదిన ఫోన్ పెట్టేసి మరిది తల ఒళ్ళోకి తీసుకుంది. అంబులెన్సు దారిలో ఉంది. ఉన్నట్టుండి అతని ఒంటి వణుకు ఆగిపోయింది. మొహంలోకి రంగు వచ్చింది.

"ఇది మంచిదై ఉంటుంది వదినా. ఒళ్ళంతా వెచ్చగా ఉంది."

"మాట్లాడకు. పడుకో."

అతను పెదవులు తడుపుకున్నాడు. "తేనె," అన్నాడు ఆశ్చర్యంగా. మళ్ళీ మాట్లాడలేదు.

ఆ విస్కీకి మాస్టారు తొంభై ఏడు మార్కులు వేశాడు. తమ్ముడి కార్యక్రమాలన్నీ ముగిశాక, వాచిన కళ్ళతో కుర్చీలో కూచుని, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. వదిన టైపు చేసింది. తేనె అన్న చోట ఆవిడ వేళ్ళు ఆగాయి. "ఏం?" అన్నాడాయన. "ఏం లేదు," అని టైపు కొట్టింది.

నెల తర్వాత ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎనిమిది సీసాలు వచ్చాయట. మాస్టారు గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. "జాగ్రత్తగా ఉండు. పడుకునే ఉండు," అన్నాడు. ఆవిడ తలూపింది.

ఆయన వెళ్ళగానే వదిన స్టవ్ ఆపేసింది. హాల్లో తనకోసం పరుపు పరుచుకుంది. తల దువ్వుకుని మంచి చీర కట్టుకుంది. త్వరగా తెలియాలని పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. భయంగానే ఉంది. మరిది రక్తం కక్కడం కళ్ళారా చూసిన మనిషి కదా. అయినా చెవులు గడియారం మీదే ఉన్నాయి. పదకొండు కొట్టింది. పదకొండుంబావు అయింది. లేచి, నేల మీది బండల మధ్య గీత వెంబడి ఆ గోడ దాకా నడిచింది. అడుగు పక్కకి పడలేదు. ఇంకా మొదలుపెట్టి ఉండరు, అనుకుంది. పన్నెండుకి మళ్ళీ నడిచింది. ఒంటిగంటకి ఆకలేసి, వంటింటి గుమ్మంలో నిలబడి రెండు బిస్కెట్లు తింది.

రెండింటికి ఆఫీసు కారు వచ్చి ఆగింది. డ్రైవరూ ఇంకొకాయనా మాస్టారిని చెరో భుజమూ పట్టుకుని లోపలికి తెచ్చారు. చొక్కా అంతా వాంతి. గుమ్మంలోనే వాసన గుప్పుమంది.

"ఏమైందో అమ్మా, నాలుగో గ్లాసుకే పడిపోయారు. ఉమ్మేస్తూనే ఉన్నారు," అన్నాడు రెండో ఆయన మొహం పక్కకి తిప్పుకుని. ఆయనకీ అర్థమయ్యే ఉంటుంది. ఆవిడ ముందు నిలబడలేక వెంటనే వెళ్ళిపోయాడు.

మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"నీకేం కాలేదు కదా? చూశావా, నాకే ఎక్కింది! బతికిపోయావే!"

"నాకేం కాలేదండీ," అంది వదిన.

చొక్కా విప్పింది. మొహం తుడిచింది. తను పరుచుకున్న పరుపు మీదే పడుకోబెట్టి, ఊపిరి అడ్డం పడకుండా పక్కకి తిప్పి, బకెట్టు అందేలా పెట్టింది. ఆయన గురకలోకి వెళ్ళేదాకా పక్కనే కూచుంది. ఆ తర్వాత లేచి నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. పక్కింటావిడని పిలిచి, "ఆయన లేస్తే మంచినీళ్ళివ్వండి. ఒక్కసారే ఎక్కువ తాగనివ్వకండి," అని చెప్పింది.

అక్క ఊరికి వెళ్ళే బస్సు సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూచుంది. కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగి, మిషను మీద వేలు పెట్టాడు.

"రానూ పోనూ కలిపి ఇమ్మంటారా అమ్మా?"

"పోవడానికే ఇవ్వు నాయనా," అంది.