వెలుతురు బల్ల మీద అక్క కంకి

ఇవాళ పొద్దున్న మా అక్కని నలుగురిలో దొంగని చేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని అమ్మ ఊరికే తిట్టేది కాదు.

కొత్త మొక్కజొన్న రకాలు తయారుచెయ్యడం నా ఉద్యోగం. మామూలు మొక్కజొన్నలో మాంసకృత్తులు పిల్లల ఒంటికి సరిగ్గా పట్టవు, నా రకంలోవి పడతాయి. కాకపోతే ఆ గుణం తల్లి మొక్క నుంచీ తండ్రి మొక్క నుంచీ కూడా రావాలి, ఏ ఒక్కవైపు తప్పినా పోయినట్టే. నా రకం గింజ సుద్దముక్కలా ఉంటుంది, కింద దీపం పెట్టినా వెలుతురు దూరదు. మామూలు గింజ మెరుస్తుంది.

ఆ విత్తనం పండించే పని అక్కకి నేనే ఇప్పించాను. తీరా ఇవాళ పరీక్షలో ఆవిడ బస్తాలో సగం మామూలు గింజలే తేలాయి. ఆ పంట కొని పిల్లల ఆహారం చేసే కంపెనీ మేనేజరు, తోటి రైతులు, అందరూ మా ఆఫీసు హాల్లోనే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇంట్లో గింజలు తెచ్చి కలిపేశావు కదూ," అన్నాను.

అక్క నా మొహంలోకి చూసి, మేనేజరు వైపు తిరిగింది. "కలిసిపోయాయేమోనండీ. పొరపాటు నాదే."

ఇకమీదట ఆవిడకి విత్తనం ఇవ్వొద్దని ఆయన అక్కడికక్కడే చెప్పేశాడు.

ఉక్రోషం తీరక నా గదిలోకొచ్చాను. అక్క చేలో నేనే స్వయంగా కోసుకొచ్చిన కంకులు మూలన ఉన్నాయి. ఒకటి తీసి, అద్దం కింద దీపం వెలిగే వెలుతురు బల్ల మీద పెట్టాను. ఒకే కంకిలో సుద్దగింజ, దాన్ని ఆనుకుని మెరిసే గింజ. బస్తాలో ఎవరైనా కలపగలరు గానీ, కంకిలో గింజలు ఎవరు కలుపుతారు? పక్క చేలోంచి గాలికి పుప్పొడి వచ్చి పడింది.

ఆ పక్క చేను నాదే. నేల మారితే, ఎరువు మారితే గింజలో బలం ఎలా మారుతుందో చూద్దామని మామూలు రకం వేయించాను. అన్నీ చూసుకున్నాను, ఒక్క గాలిని తప్ప. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క వరండాలో బెంచీ మీద కూర్చునుంది. కంకి చూపించి అంతా చెప్పాను.

"అందరి ముందూ నీ మొహం చిన్నబోతుంటే చూడలేకపోయానే, అందుకే ఒప్పేసుకున్నాను," అంది. నా వైపు తిరిగి, "నేను కలిపానని నిజంగానే అనుకున్నావా?" అంది.

కంకి పట్టుకుని హాల్లోకి వెళ్లి, తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. అక్కకి విత్తనం ఇవ్వడానికి మేనేజరు ఒప్పుకున్నాడు.

అక్క అడిగినదానికి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. అనుకున్నాను మరి.